పాత తుపాకి మడమ పలకలు: పాఠకుల సందేహాలు, సమాధానాలు

తాతల నాటి వేట తుపాకుల కొయ్య భాగాన్ని శుభ్రం చేసుకునే పద్ధతి గురించి కిందటి నెల ఈ శీర్షికలో రాసిన తరువాత, విశాఖపట్నం నుంచీ పరిసరాల నుంచీ వచ్చిన ఉత్తరాలలో చాలావరకు ఒకే చిన్న వస్తువు గురించి ఉన్నాయి. తుపాకిని భుజానికి ఆనించే చోట, అంటే మడమ చివర, రెండు స్క్రూలతో బిగించి ఉండే పలక అది. వాడుకలో దానిని బట్ ప్లేటు అనే అంటారు. తుపాకిని గోడకు నిలబెట్టినప్పుడల్లా నేలను తాకేది అదే కాబట్టి ముందుగా పగిలేదీ అదే. నూరేళ్లు దాటిన తుపాకికి దానిని మళ్లీ చేయించేటప్పుడు పదార్థం, ఆకారం, పనితనం మూడూ ఆ తుపాకి పుట్టిన కాలానికి తగినట్లు ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను. అందుచేత ఈ నెల శీర్షికను పూర్తిగా దానికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మా ముత్తాతగారి రెండు గొట్టాల తుపాకి లైసెన్సుతో సహా తరతరాలుగా మా ఇంట్లోనే ఉంది. గొట్టాల మధ్య పట్టీ మీద మద్రాసు పి. ఓర్ అండ్ సన్స్ అని చెక్కి ఉంది. మడమకున్న నల్లని పలక పగిలి కింది సగం ఊడిపోయింది. ఒక వడ్రంగి నల్ల ప్లాస్టిక్ పలక కోసి బిగిస్తానంటున్నారు. అసలు పలక దేనితో చేసినదో ఎలా తెలుసుకోవాలి? అలాంటిదే ఇప్పుడు చేయించడం సాధ్యమేనా? (మహారాణిపేట నుంచి ఒక పాఠకుడు)

సమాధానం: సాధ్యమే. అందుకు కావలసిన పనితనం ఒకప్పుడు మీ ఊరికే పేరు తెచ్చింది.

ముందుగా తుపాకి కాలాన్ని తేల్చుకుందాం. పట్టీ మీద ఉన్నది సాధారణంగా అమ్మినవారి పేరు. మద్రాసులో పి. ఓర్ అండ్ సన్స్, కలకత్తాలో రోడా, మాంటన్ వంటి సంస్థలు ఇంగ్లండులో తయారైన తుపాకులను తమ పేరు చెక్కించి అమ్మేవి. తయారైన చోటు, కాలం తెలియాలంటే గొట్టాలను విడదీసి, వాటి అడుగున చదునుగా ఉన్న భాగంలో ప్రూఫ్ ముద్రలను భూతద్దంతో చూడాలి. బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ 1813 నుంచి గొట్టాలను పరీక్షించి ముద్ర వేస్తోంది. "నాట్ ఫర్ బాల్" (గుండు కాల్చడానికి కాదు) అన్న మాటలు కనిపిస్తే అది 1875కూ 1887కూ మధ్య పరీక్షించిన గొట్టం. కిరీటం కింద బి.పి., ఎన్.పి. అనే అక్షరాలు ఉంటే 1904 నాటి నిబంధనల తరువాతిది. ఈ కొద్దిపాటి పరిశీలనతోనే ప్లాస్టిక్ సంగతి తేలిపోతుంది. తొలినాటి ప్లాస్టిక్ అయిన బేకలైట్‌కు పేటెంటు వచ్చినదే 1909లో. అంతకు ముందటి తుపాకికి బేకలైట్ పలక కూడా అతకదు, ఇక ఇప్పటి ప్లాస్టిక్ మాట చెప్పనక్కర లేదు.

ఆ కాలపు వేట తుపాకులకు నల్లని పలక అంటే ప్రధానంగా రెండే: గేదె కొమ్ము, లేదా ఎబొనైట్ అనే గట్టి రబ్బరు. మీ దగ్గర మిగిలిన ముక్కను విరిగిన అంచు పైకి వచ్చేలా పట్టుకుని కిటికీ వెలుతురులో చూడండి. కొమ్ము అయితే పొరలు పొరలుగా, పీచులాగా చీలి ఉంటుంది. పలుచని చోట వెలుగు సోకితే నలుపులోంచి తేనె రంగు తొంగిచూస్తుంది. ఎబొనైట్ అయితే గాజు పగిలినట్లు నునుపుగా, గవ్వ వంపులాగా విరుగుతుంది, వెలుగును ఏమాత్రం రానివ్వదు. ఇంకా అనుమానముంటే పలక లోపలి ముఖాన, స్క్రూ రంధ్రం పక్కన, ఎర్రగా కాల్చిన సూది మొనను ఒక్క క్షణం తాకించండి. వెంట్రుకలు కాలిన కంపు వస్తే కొమ్ము, గంధకం వాసన వస్తే ఎబొనైట్.

మీరు పంపిన ఫొటోలో పీచు స్పష్టంగా కనిపిస్తోంది కాబట్టి మీది గేదె కొమ్మే. విశాఖపట్నం పనివారు దంతం, తాబేటి చిప్ప, గంధపు చెక్కలతో చేసిన పెట్టెలు 18వ శతాబ్దంలోనే ఓడలెక్కి సీమకు వెళ్లాయి. 19వ శతాబ్దంలో కొమ్ముతోనూ ముళ్లపంది ముళ్లతోనూ చేసిన పెట్టెలకు ఈ రేవు పెట్టింది పేరు. దంతం, తాబేటి చిప్ప, అడవిదున్న కొమ్ము, జింక కొమ్ము 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పరిధిలోకి వస్తాయి కనుక వాటి జోలికి పోవద్దు. "బైసన్ కొమ్ము ఉంది, ఇంకా నల్లగా ఉంటుంది" అని ఎవరైనా చెప్పినా తీసుకోవద్దు, బైసన్ అంటే అడవిదున్నే. మనకు కావలసింది పెంపుడు గేదె కొమ్ము మాత్రమే. దానిని చక్కగా పని పట్టే కళాకారులు పర్లాకిమిడిలో ఇప్పటికీ ఉన్నారు. పక్షులు, రొయ్యలు, దువ్వెనలు చేసే ఆ చేతులకు మడమ పలక కొత్త వస్తువే కావచ్చు, పదార్థం మాత్రం కొత్తది కాదు.

వారికి మీరు ఇవ్వవలసింది కొలతలు. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. విరిగిన పాత పలకను కాగితం మీద పెట్టి చుట్టూ గీత గీసి పంపుతారు. పాత కొమ్ము ఎండి, ముడుచుకుని, అంచులు అరిగి ఉంటుంది. దాని ప్రకారం చేసినది చెక్క అంచుకన్నా లోపలికి నిలిచిపోతుంది. కొలవవలసింది మడమ చెక్కను. చెక్క చివర తెల్ల కాగితం అదిమిపెట్టి పెన్సిల్‌తో రుద్దితే అంచూ రెండు స్క్రూ రంధ్రాలూ దిగుతాయి. పై కొస నుంచి కింది కొస వరకు ఉన్న వంపును మందపాటి అట్ట మీద కత్తిరించి, చెక్కకు ఆనించి, వెనుక దీపం పెట్టి చూడండి. సందులోంచి వెలుగు రానంత వరకు అట్టను సరిచేయాలి. పాత పలకలో మిగిలిన సగం నుంచి తీసుకోవలసింది మందం, అంచు గుండ్రదనం, పైన ఉన్న గీతల పద్ధతి మాత్రమే. మందం తప్పితే ట్రిగ్గర్ నుంచి మడమ వరకు ఉండే పొడవు మారుతుంది. బ్రిటిష్ వేట తుపాకులకు ఇది సాధారణంగా 14 నుంచి 14.5 అంగుళాలు. అర అంగుళం తేడా వచ్చినా భుజానికి వెంటనే తెలిసిపోతుంది.

కొమ్ము మొదట్లో బోలుగా, పలుచగా ఉంటుంది, కొన వైపు గట్టిగా ఉంటుంది. గేదె కొమ్ము పూర్తి గుండ్రంగా కాక కొంత చప్పిడిగా ఉండడం మనకు కలిసివచ్చే విషయం. మందంగా ఉన్న గోడను నిలువునా కోసి, నీటిలో మరగబెట్టి, నూనె రాసి నిప్పుల సెగ చూపితే అది తోలులాగా మెత్తబడుతుంది. అప్పుడు వేడి ఇనుప పలకల మధ్య పెట్టి బిగించి, పూర్తిగా చల్లారేదాకా కదిలించకూడదు. ఆ తరువాత ఓపిక పట్టాలి. కొమ్ముకు తన పాత వంపు చాలాకాలం గుర్తుంటుంది. నేను మొదటిసారి చేయించిన పలకను మే నెలలో కోయించి, అదే వారంలో బిగించాను. ఆషాఢం వానలు పడేసరికి కింది కొస గోరంత ఎత్తు లేచి కూర్చుంది. అప్పటి నుంచి అదిమిన కొమ్మును కనీసం ఒక వానాకాలం నీడలో ఉంచిన తరువాతే పనికి తీసుకుంటున్నాను. సముద్రపు తేమ ఉన్న విశాఖలో ఈ నియమాన్ని సడలించవద్దు.

అమర్చే పని ఇలా సాగాలి. పలకను చెక్క కన్నా చుట్టూ 1 మి.మీ. పెద్దగా ఉంచాలి. చెక్క చివరకు దీపపు మసి పలుచగా పట్టించి, పలకను నొక్కి తీస్తే, లోపలి ముఖంలో ఎత్తుగా ఉన్న చోట్ల మసి అంటుతుంది. ఆ చోట్లనే సన్నని ఆకురాయితో తీసి, మళ్లీ నొక్కి చూడాలి. ఇరవై ముప్పై సార్లు చేస్తే గాని ముఖమంతా సమానంగా నల్లబడదు. ఇంగ్లండు తుపాకి పనివారూ దీపపు మసి పెట్టే ఇనుమునూ చెక్కనూ ఇలాగే కలిపేవారు, దీనికి దగ్గరి దారి లేదు. ఆ తరువాత అంచును దించేటప్పుడు చెక్క మీద పాత నూనె మెరుగు ఇంకా మిగిలి ఉంటే తుపాకి మీద ఆకురాయి పెట్టనే వద్దు. కొంచెం దించడం, పలకను విప్పడం, బల్ల మీద పెట్టి రాయడం, మళ్లీ బిగించి చూడడం. ఆలస్యమవుతుంది కాని నూరేళ్ల మెరుగు దక్కుతుంది. చివరి నునుపుకు గరుకు కాగితం తరువాత బొగ్గుపొడి, నూనె, ఆపై సుద్దపొడితో గుడ్డ. అద్దంలా మెరిసే దాకా రుద్దవద్దు, పాత పలకకున్న మెత్తని మెరుపు చాలు.

స్క్రూలు పాతవి ఉంటే వాటినే వాడండి. పోతే గాజువాక ఆటోనగర్‌లో లేత్ పని చేసేవారు మెత్తని ఉక్కుతో తిప్పి ఇస్తారు. గాటు సన్నగా, ఒకే గీతగా ఉండాలి. ప్లస్ గుర్తు గాటు ఉన్న స్క్రూ ఒక్కటి పెట్టినా చేసిన శ్రమంతా వృథా అవుతుంది. బిగింపు పూర్తయ్యేసరికి రెండు గాట్లూ మడమ పొడవు వెంట ఒకే వరుసలో నిలవాలి. కొమ్ములోని రంధ్రం స్క్రూ కాండం కన్నా వెంట్రుకవాసి వదులుగా ఉండాలి. తేమకు కొమ్ము ఉబ్బినప్పుడు కదలడానికి చోటు లేకపోతే స్క్రూ దగ్గరే చీలుతుంది. మీ పాత పలక విరిగినది కూడా సరిగ్గా అక్కడి నుంచేనని ఫొటోలో కనిపిస్తోంది.

ప్రశ్న: అనకాపల్లిలో మాకు తెలిసిన వడ్రంగి ఉన్నారు. తుపాకిని ఆయన దగ్గర నాలుగు రోజులు వదిలిపెట్టవచ్చా? తుపాకి చాలా పాతది కనుక చట్టం వర్తించదని కొందరంటున్నారు.

సమాధానం: వదిలిపెట్టకండి. 1959 ఆయుధాల చట్టం 3వ సెక్షన్ ప్రకారం తుపాకి లైసెన్సుదారు దగ్గరే ఉండాలి. తుపాకులు మరమ్మతు చేసే వృత్తికి 5వ సెక్షన్ కింద వేరే లైసెన్సు కావాలి. పురాతన ఆయుధాలకు 45వ సెక్షన్‌లో మినహాయింపు ఉన్న మాట నిజమే కాని, మరమ్మతు చేసినా చేయకున్నా కాల్చడానికి పనికిరాని వాటికే అది వర్తిస్తుంది. వయసు ఒక్కటే సరిపోదు. అది మీ తుపాకికి వర్తిస్తుందని మీరే తీర్మానించుకోక, మీ లైసెన్సు ఇచ్చిన అధికారి కార్యాలయంలో రాతపూర్వకంగా అడగండి. వడ్రంగికి గాని కొమ్ము కళాకారుడికి గాని ఇవ్వవలసింది కాగితం ముద్ర, అట్ట వంపు, విరిగిన పలక, ఈ మూడే. అమర్చే పనిని లైసెన్సున్న తుపాకి మరమ్మతుదారు చేత చేయించండి. ఏ పని మొదలుపెట్టినా తుపాకిలో తూటా లేదని రెండుసార్లు చూసి, గొట్టాలను విడదీసి పక్కన పెట్టిన తరువాతే.

ప్రశ్న: మా మామగారి బెల్జియం తుపాకికి ఉన్న నల్లని పలక మీద వేటకుక్క తల, చుట్టూ పూలతీగ ఉబ్బెత్తుగా ఉన్నాయి. ఒక మూల విరిగింది. అచ్చు తీసి నకలు పోద్దామని ఖరీదైన సిలికాన్ తెప్పించాం. రెండు రోజులైనా పలకను తాకిన వైపు జిగటగానే ఉండిపోయింది, మిగిలినదంతా గట్టిపడింది. సరుకు నకిలీదా? (ఎంవీపీ కాలనీ నుంచి ఒక పాఠకురాలు)

సమాధానం: సరుకు మంచిదేనమ్మా. ఆ రెంటికీ పడదు, అంతే. మీ పలక ఎబొనైట్. రబ్బరులో మూడో వంతు దాకా గంధకం కలిపి గంటల తరబడి వేడి చేస్తే తయారయ్యే పదార్థం అది. నెల్సన్ గుడ్‌ఇయర్ 1851లో దీనికి పేటెంటు పొందారు. అచ్చులో వేడిగా అదిమితే ఎంత సన్నని బొమ్మనైనా పట్టుకుంటుంది కనుకనే బెల్జియం, అమెరికా కంపెనీలు కుక్క తలలు, పక్షులు, తమ పేరులోని అక్షరాలు ఈ పలకల మీద వేసుకున్నాయి. అమెరికాలో పార్కర్ తుపాకుల కుక్కతల పలక ఇలాంటిదే. ఇందులోని గంధకం ప్లాటినంతో గట్టిపడే రకం సిలికాన్‌ను పని చేయనివ్వదు. నాకూ ఒకసారి ఇదే జరిగింది. ఉబ్బెత్తు బొమ్మ సందుల్లో ఇరుక్కున్న జిగురును వెదురు పుల్లతో తీయడానికి ఒక ఆదివారమంతా పట్టింది. మీరూ లోహపు సూది వాడకుండా, వెదురు పుల్లతో, పొడి కుంచెతో నిదానంగా తీసివేయండి.

మళ్లీ చేసేటప్పుడు తగరంతో గట్టిపడే రకం సిలికాన్ అడిగి తీసుకోండి. దానికి గంధకంతో ఇబ్బంది లేదు. అచ్చు తీసే ముందు విరిగిన మూలను పలక మీదనే మైనంతో నింపి, పూలతీగ ఆ మూలలో ఎలా తిరిగి ఉండేదో ఎదుటి మూలను చూసి చెక్కండి. ఇది చిత్రకారుల పని. మీ ఇంట్లో ముగ్గు బాగా వేసే చేయి ఉంటే వారికే ఇవ్వండి. ఎబొనైట్ కూడా కాలక్రమంలో కుంచించుకుపోతుంది, అచ్చులోనూ పోతలోనూ మరికొంత తగ్గుతుంది. అందువల్ల చుట్టూ అంచుకు 1.5 మి.మీ. మైనపు కట్ట కట్టి అచ్చు తీస్తే, పోత పోసిన పలక చెక్క కన్నా కాస్త పెద్దదిగా వస్తుంది. ఆపై అంచు దించుకోవచ్చు. సిలికాన్‌ను ఒక మూల నుంచి దారంలా సన్నగా పోస్తే గాలి బుడగలు బొమ్మ మీద చిక్కుకోవు.

పోత విషయంలో ఊరి వాతావరణాన్ని లెక్కలోకి తీసుకోవాలి. అచ్చులో పోస్తే గట్టిపడే ప్లాస్టిక్ ద్రవమైన పాలీయురెథేన్ రెజిన్ గాలిలోని తేమతో కలిస్తే లోపల వాయువు పుట్టి, పలక అట్టులాగా చిల్లులు పడుతుంది. విశాఖలో జూలైలో ఆ పని పెట్టుకోవద్దు. జనవరి దాకా ఆగండి, లేదా ఎపాక్సీ రెజిన్‌ను పలుచని పొరలుగా పోయండి. నల్లరంగును రెజిన్‌లోనే కలపండి. పైన పూస్తే మొదటి గీత పడగానే లోపలి తెలుపు బయటపడుతుంది.

రెజిన్ నకలు రూపానికి సరే, పదార్థానికి మాత్రం కాదని ఒప్పుకోవాలి. బొమ్మ లేని సాదా పలక అయితే నేను రెజిన్‌ను సూచించను. అసలైన ఎబొనైట్ మన రాష్ట్రంలోనే ఇప్పటికీ పనిలో ఉంది. రాజమహేంద్రవరంలో రత్నం పెన్నులవారు 1930ల నుంచి ఎబొనైట్ కడ్డీలను లేత్ మీద తిప్పి కలాలు చేస్తున్నారు. ఎబొనైట్ పలక దొరికితే రంపంతో కోసి, ఆకురాయితో రాసి, కొమ్ము పలకలాగానే అమర్చవచ్చు. రాసేటప్పుడు వచ్చే గంధకం వాసనే అది అసలు సరుకని చెబుతుంది.

ఇంకొక మాట. మూల మాత్రమే విరిగి, ముక్క మీ దగ్గరే ఉంటే నకలు జోలికి పోకుండా, వెనుక వైపు పలుచని గుడ్డ, ఎపాక్సీ పెట్టి అతికించండి. అసలుది ఉండగా నకలు ఎందుకు?

ప్రశ్న: మా తుపాకి పలక ఒకప్పుడు నల్లగా ఉండేది, ఇప్పుడు ఆకుపచ్చ కలిసిన గోధుమ రంగుకు తిరిగింది. వేడినీళ్లు, సబ్బుతో కడిగితే పోతుందా? (గాజువాక)

సమాధానం: ఇంకా ఎక్కువవుతుంది. అది మురికి కాదు, ఎబొనైట్ పైపొరలో గంధకం ఎండకూ గాలికీ మారడం వల్ల వచ్చిన రంగు. వేడినీరు ఆ మార్పును వేగం చేస్తుంది, పలకను మెత్తబరచి వంకర తిప్పుతుంది కూడా. పొడిగుడ్డతో తుడిచి, ఎండ తగలని చోట ఉంచండి. ఆ రంగు పలక వయసుకు సాక్ష్యం. కొత్తగా చేయించే నకలులో నల్లరంగుకు చిటికెడు గోధుమ రంగు కలిపితే పాత చెక్క పక్కన ఎబ్బెట్టుగా ఉండదు.

ప్రశ్న: కొమ్ము పలక అంచున సూదితో తవ్వినట్లు సన్నని గాళ్లు పడ్డాయి. చెదలా? (భీమునిపట్నం)

సమాధానం: చెదలు కావు. కొమ్ము, తోలు, ఉన్ని వంటివి తినే చిన్న పెంకు పురుగు పిల్లల పని అది. పలకను విప్పి, వెనుక వైపు కూడా చూడండి, అవి చీకటి వైపే ఎక్కువగా ఉంటాయి. కుంచెతో దులిపి, బిగుతైన ప్లాస్టిక్ సంచిలో పెట్టి రెండు వారాలు ఫ్రీజర్‌లో ఉంచితే గుడ్లతో సహా చస్తాయి. తీసిన తరువాత సంచి విప్పకుండానే గది వేడికి రానివ్వండి, లేకపోతే తేమ పడుతుంది. గాళ్లు లోతుగా ఉంటే ఏటికొప్పాక బొమ్మల పనివారు వాడే లక్కలో నల్లనిది కొద్దిగా కరిగించి నింపి, చల్లారిన తరువాత గీకి సమం చేయండి. తుపాకిని ఉన్ని గుడ్డ అంటించిన పెట్టెలో పెట్టి ఉంటే ముందుగా ఆ పెట్టెను వెతకండి, పురుగు అక్కడి నుంచే వచ్చి ఉంటుంది.

ప్రశ్న: నేను కొన్న ఇంగ్లిషు తుపాకికి దిండులాంటి నల్ల రబ్బరు ప్యాడ్ ఉంది. దాన్ని తీసి కొమ్ము పలక చేయించాలనుకుంటున్నాను. పాతదిగా కనిపించడానికి బూటు పాలిష్ పట్టించమని ఒక మిత్రుడు సలహా ఇచ్చారు.

సమాధానం: ముందు ప్యాడ్ విప్పి చెక్కను చూడండి. లండన్ పనివారి ఉత్తమ శ్రేణి తుపాకులు చాలావాటికి అసలు పలకే ఉండదు, చెక్క చివరనే సన్నని గళ్లు చెక్కి వదిలేస్తారు. గళ్ల జాడ కనిపించి, పాత పలక స్క్రూల రంధ్రాలు లేకపోతే ఆ తుపాకికి కొమ్ము పలక పెట్టడం ఒక అబద్ధాన్ని తీసి మరొకటి పెట్టడమే. ప్యాడ్ కోసం చెక్కను కోసి ఉన్నా పొడవు కొలతే పట్టిస్తుంది. అప్పుడు కోల్పోయిన పొడవును అదే జాతి చెక్క అతికించి పూడ్చడం మంచి మార్గం. మీ ప్యాడ్ నల్లదే కాని, ఎవరి తుపాకికైనా ప్యాడ్ ఇటుక ఎరుపులో ఉండి సిల్వర్స్ అన్న తయారీదారు పేరు కనిపిస్తే తీయనే వద్దు, అది ఆ కాలపుదే.

పాత స్క్రూ రంధ్రాలు ఉంటే నిశ్చింతగా కొమ్ము పలక చేయించండి. బూటు పాలిష్ మాత్రం వద్దు. చేతి చెమటకు అది చెక్క అంచులోకి దిగి మరక చేస్తుంది. అంతకన్నా ముఖ్యంగా, రేపు మీ తరువాత ఆ తుపాకిని లైసెన్సుతో తీసుకునేవారికి ఏది పాతదో ఏది కొత్తదో తెలియాలి. నేను చేయించిన ప్రతి పలక లోపలి ముఖాన, స్క్రూ రంధ్రాల మధ్య, చేసిన సంవత్సరాన్నీ పదార్థం పేరునూ సూది మొనతో చెక్కిస్తాను. విప్పిన పాత ముక్కను, అది ఎంత చిన్నదైనా, కాగితంలో చుట్టి తేదీ రాసి తుపాకి పెట్టెలోనే ఉంచుతాను. మీరు విప్పే ప్యాడ్‌నూ దాని స్క్రూలనూ కూడా అలాగే ఉంచండి.